కలకత్తా కార్ఖానాల్లో రాగి

రాగి అనగానే తెలుగు పాఠకునికి ముందుగా స్ఫురించేది శాసనం. తూర్పు చాళుక్యులు మొదలుకొని అనేక రాజవంశాలవారు అగ్రహారాలను దానమిచ్చి, ఆ దానవివరాన్ని రాగిరేకులపై చెక్కించి, ఆ రేకులను కడియానికి గుచ్చి, కడియం అతుకుపై రాజముద్ర వేయించారు. శతాబ్దాలపాటు మట్టిలో పడివున్నా ఆ అక్షరాలు చెదరలేదు. ఉలికి లొంగే మెత్తదనం, నేలలోని చెమ్మకు లొంగని మన్నిక రెండూ ఒకే లోహంలో కలిసివుండటం వల్లనే రాగి రాజుల మాటకు ఆధారమైంది. పందొమ్మిదవ శతాబ్దంలో ఈ లోహానికే ఉన్న మరి రెండు గుణాలు లోకానికి అవసరమయ్యాయి. అవి విద్యుత్తును, వేడిని తనగుండా సులువుగా పోనిచ్చే గుణాలు. ఈ కొత్త అవసరానికి తగినట్లు రాగిని కోసి, తొలిచి, నునుపుచేసే విద్య మన దేశంలో అన్నిటికన్న ముందుగా, విస్తారంగా పెరిగిన చోట్లలో కలకత్తా ఒకటి. ఆ నగర చరిత్ర రాసినవారు గవర్నర్ జనరళ్ల గురించీ, కవుల గురించీ, శాస్త్రవేత్తల గురించీ రాసినంతగా ఆ నగరపు లేతు యంత్రాల గురించి రాయలేదు. ఆ లోటును పూర్తిగా తీర్చటం ఈ చిన్న వ్యాసానికి సాధ్యం కాదు. కొన్ని ఘట్టాలను మాత్రం పరిశీలిద్దాం.

ముందుగా ఈ లోహాన్ని కోయటంలో ఉన్న చిక్కును కొంత వివరంగా చెప్పుకోవాలి. రాగి మెత్తనిది కనుక దానితో పని తేలిక అని బయటివారు అనుకుంటారు. పనివాని అనుభవం దీనికి విరుద్ధం. ఇత్తడిని లేతుపై పెట్టి కోస్తే పొట్టు చిన్నచిన్న ముక్కలుగా రాలిపోతుంది. శుద్ధమైన రాగి అలా రాలదు. అది సాగుతుంది, పనిముట్టు మొనకు అంటుకుంటుంది, పొడవాటి తీగల్లా వచ్చి తిరుగుతున్న వస్తువుకే చుట్టుకుంటుంది. మొనకు అంటిన రాగి తిరిగి ఊడిపోయేటప్పుడు కోసిన తలాన్ని గీరిపోతుంది. సులువుగా కోతపడే ఇత్తడికి నూరు మార్కులు వేస్తే శుద్ధ రాగికి ఇరవై మాత్రమే వేయటం ఇంజనీర్ల వాడుక. అందువల్ల రాగి కోసే పనిముట్టును ఉక్కు కోసే పనిముట్టు కంటె ఎక్కువ వాలుగా, ఎక్కువ పదునుగా సానపట్టి, దాని ముఖాన్ని అద్దంలా మెరుగుపెట్టాలి. చల్లబరిచే నూనెలో గంధకం ఉంటే రాగి నల్లబడుతుంది గనుక నూనె ఎంపికలోనూ జాగ్రత్త అవసరం. చిటికెడు టెల్లూరియం కలిపితే రాగి చక్కగా కోతపడుతుంది, వాహకత కూడా పెద్దగా తగ్గదు. అయితే అన్ని పనులకూ ఆ మిశ్రమం పనికిరాదు.

కొలతలో మరొక చిక్కు ఉన్నది. రాగి వేడికి ఉక్కు కంటె ఎక్కువ వ్యాకోచిస్తుంది. 300 మిల్లీమీటర్ల పొడవున్న రాగి దిమ్మె పది డిగ్రీల వేడి పెరిగితే మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు పొడుగవుతుంది. వైశాఖమాసపు కలకత్తాలో మధ్యాహ్నం యంత్రంపై సరిగ్గా ఉన్న కొలత రాత్రికి చల్లబడ్డాక సరిగ్గా ఉండదు. ఇది తెలిసిన పనివాడు వస్తువును చల్లారనిచ్చి తిరిగి కొలుస్తాడు. ఇక ఉక్కును కాల్చి నీటిలో ముంచితే గట్టిపడుతుందనీ, రాగిని కాల్చి ముంచితే మెత్తగానే ఉంటుందనీ మన కంచరివారికి ఏ విశ్వవిద్యాలయమూ చెప్పనవసరం లేకపోయింది. సుత్తిదెబ్బలకు బిరుసెక్కిన చెంబును నిప్పులో పెట్టి తిరిగి మెత్తబరచటం వారికి నిత్యకృత్యం. కొత్త కార్ఖానాల్లో పనికివచ్చినది ఇటువంటి పాత తెలివే అని నా అభిప్రాయం.

కలకత్తాలో ఈ విద్యకు తొలి పెద్ద నెలవు టంకశాల. స్ట్రాండ్ రోడ్డుపై హుగ్లీ ఒడ్డున, ఏథెన్సు నగరంలోని గ్రీకు దేవాలయాన్ని తలపించే ముఖద్వారంతో మేజర్ ఫోర్బ్స్ నిర్మించిన ఆ భవనానికి 1824లో పునాది వేశారు. 1829లో అక్కడ నాణేల ముద్రణ ప్రారంభమైంది. బర్మింగ్‌హామ్ దగ్గరి సోహోలో బోల్టన్, వాట్ స్థాపించిన కార్ఖానా నుండి యంత్రాలు వచ్చాయి. 1860లలో ఉత్తరం వైపున కేవలం రాగి నాణేల కోసం మరొక శాల కట్టారు. దానిని రాగి టంకశాల అనేవారు. లోహపు రేకును సాగదీయటం, బిళ్లలు కత్తిరించటం, అచ్చుదిమ్మెలు చెక్కటం, ప్రతి బిళ్లనూ ఒకే తూకానికి తేవటం వంటి పనులను వందలాదిమంది స్థానికులు అక్కడ ఆవిరియంత్రాల పక్కన నిలబడి నేర్చుకున్నారు. బ్రాహ్మీలిపి రహస్యాన్ని ఛేదించి అశోకుని ధర్మలిపులను చదివిన జేమ్స్ ప్రిన్సెప్ ఈ టంకశాలలోనే లోహపరీక్షాధికారి అన్నది చరిత్ర విద్యార్థులకు తెలిసిన విషయమే.

ప్రిన్సెప్ తరువాత ఆ శాఖలో పనిచేసినవారిలో విలియం ఓషానెస్సీ ఒకరు. ఈయన వైద్యుడు, కలకత్తా వైద్యకళాశాలలో రసాయనశాస్త్రాచార్యుడు. 1839లో శిబ్‌పూర్ వృక్షోద్యానంలో వెదురు గడలపై మైళ్ల పొడవున తీగ లాగి తంతివార్తల ప్రయోగం చేసినవాడు. 1851లో కలకత్తాకూ డైమండ్ హార్బరుకూ మధ్య వేసిన లైనులో ఆయన ఎంచుకున్న లోహం మాత్రం రాగి కాదు, లావుపాటి ఇనుపకడ్డీ. కోతులు ఊగినా, గాలివాన వచ్చినా తెగకూడదన్నది ఆయన లెక్క. రాగికి వాహకత ఎంత ఉన్నా బలం లేకపోవటం, పైగా దారిపక్కన వేలాడే రాగికి దొంగల బెడద ఉండటం అందరికీ తెలిసినదే. ఆ లైను పనిలో ఆయనకు కుడిభుజంగా నిలిచిన శివచంద్ర నందీ టంకశాల శుద్ధి విభాగంలో పనిచేస్తూ వచ్చినవాడు. విద్యుత్తుకు సంబంధించిన తొలి భారతీయ నిపుణులలో ఒకడు టంకశాల నుండి రావటం కాకతాళీయం కాదు. లోహం ఎరిగిన చేతులు ఆనాడు అక్కడే ఉన్నాయి.

1879 జూలైలో ఫ్లూరీ కంపెనీవారు కలకత్తాలో విద్యుద్దీపాలను ప్రదర్శించారు. 1895లో దీపాల చట్టం, 1897లో కిల్బర్న్ కంపెనీ ద్వారా లైసెన్సు, 1899 ఏప్రిల్ 17న ప్రిన్సెప్ వీధి సమీపాన ఇమాంబాగ్ సందులో తొలి విద్యుత్కేంద్రం వరుసగా వచ్చాయి. 1902 మార్చిలో ఎస్‌ప్లనేడ్ నుండి ఖిద్దిర్‌పూర్‌కు విద్యుత్ ట్రాము నడిచింది. అంతకుముందు ఆ బండ్లను గుర్రాలు లాగేవి.

ట్రాము వచ్చిన నాటి నుండి నగరంలో రాగిపనికి కొత్త అర్థం వచ్చింది. ఏకముఖ విద్యుత్తుతో తిరిగే మోటారుకు ప్రాణం కమ్యుటేటర్. సన్నని రాగిపట్టీలను వృత్తాకారంగా పేర్చి, పట్టీకీ పట్టీకీ మధ్య అభ్రకపు రేకు పెట్టి బిగించిన గుండ్రని భాగమది. దానిపై కార్బన్ బ్రష్‌లు రాసుకుంటూ విద్యుత్తును అందిస్తాయి. తిరిగి తిరిగి రాగి అరుగుతుంది, అభ్రకం అరగదు. అరగని అభ్రకం పైకి పొడుచుకువచ్చి బ్రష్‌ను ఎగరగొడుతుంది. అప్పుడు మెరుపులు లేచి రాగి కాలిపోతుంది. దీనికి చికిత్స ఒక్కటే. మోటారు నుండి తిరుగుడు భాగాన్ని విప్పి, లేతుపై ఎక్కించి, రాగిని వెంట్రుకవాసి మందాన కోసి గుండ్రం చేయాలి. ఆపైన ప్రతి పట్టీ మధ్యనున్న అభ్రకాన్ని సన్నని రంపంతో కొంచెం లోతుకు గీయాలి. చివరికి పట్టీల అంచులకు మిగిలిన ముళ్లను తీసివేయాలి. ఒక్క రాగిముల్లు పక్కపట్టీని తాకినా మోటారు చెడుతుంది. నోనాపుకుర్‌లోని ట్రాము కార్ఖానాలో తరతరాల పనివారు చేసిన నిత్యకర్మ ఇది. ఈ అభ్రకం గురించి ఒక మాట. ప్రపంచానికి అభ్రకం పంపిన భారతీయ గనులలో నాటి బీహారులోని కోడర్మా ఒకటైతే, రెండవది మన నెల్లూరు జిల్లా గూడూరు ప్రాంతం. ఆంధ్రదేశపు భూమి నుండి పొరలు పొరలుగా ఒలిచిన ఆ రేకులు ఎన్ని దేశాల మోటార్లలో రాగిపట్టీల నడుమ కాపలా కాశాయో లెక్కపెట్టినవారు లేరు.

విద్యుత్తు విషయం ఇట్లా ఉండగా, వేడికి సంబంధించిన రాగిపని తెలుగువారి చేతికి మరింత దగ్గరగా జరిగింది. గార్డెన్ రీచ్‌లో ప్రధాన కార్యాలయమున్న బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఖరగ్‌పూర్‌లో పెద్ద కార్ఖానా నెలకొల్పినప్పుడు ఉత్తరాంధ్ర నుండి వేలాదిమంది అక్కడికి వలస వెళ్లారు. నేటికీ ఆ పట్టణంలో తెలుగు వాడలున్నాయి, తెలుగు వినిపిస్తుంది. ఆ కాలపు ఆవిరి ఇంజనులో బొగ్గు మండే లోపలి పెట్టెను బ్రిటిష్ సంప్రదాయం ప్రకారం రాగితోనే చేసేవారు. ఉక్కు కంటె రాగి ఎన్నో రెట్లు వేగంగా వేడిని నీటికి అందిస్తుంది. లోపలి రాగిపెట్టెకూ బయటి ఉక్కుపెట్టెకూ మధ్య నీరుంటుంది. ఆవిరి ఒత్తిడికి గోడలు ఉబ్బకుండా రెంటినీ కలుపుతూ వందలకొద్దీ మరకడ్డీలు బిగిస్తారు. రాగిలో మర తీయటం సాహసమే. పనిముట్టు మొద్దుబారితే మర చిరిగిపోతుంది, చిరిగిన మరలోంచి నీరు కారుతుంది, కారిన నీరు నిప్పును చల్లారుస్తుంది. ఇంజను దారిలో నిలిచిపోతే తప్పు డ్రైవరు మీద పడుతుంది గాని, బాయిలరు షాపులో మర తీసినవాని పేరు ఎవరికీ తెలియదు. ఈ రైల్వే పనివారిని సంఘటితం చేసి, ఉద్వాసనలకు వ్యతిరేకంగా 1920ల చివర సమ్మె నడిపిన నాయకుడు తరువాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి. ఆ సమ్మె చరిత్రను రాజకీయంగానే చదువుకున్నాం. పనిలోంచి తీసివేసిన ఒక్కొక్క మనిషితో ఎంతటి నైపుణ్యం కార్ఖానా దాటి పోయిందో కూడా లెక్కించి ఉండవలసింది.

ఇంతటి పనికి రాగి ఎక్కడిది? కలకత్తా నుండి ఖరగ్‌పూర్ మీదుగా పోయే రైలుదారిలోనే సింగ్‌భూమ్ రాగి గనులున్నాయి. అక్కడి ప్రాచీన గనుల ఆనవాళ్లు పందొమ్మిదవ శతాబ్దపు సర్వేదారులను ఆశ్చర్యపరచాయి. 1924లో ఏర్పడిన ఇండియన్ కాపర్ కార్పొరేషన్ ఘాట్‌శిలా దగ్గర మౌభండార్‌లో కొలిమి పెట్టింది. అయితే ఆ కొలిమిలో నిప్పుతో శుద్ధిచేసిన రాగి ఎక్కువగా ఇత్తడి రేకులకే పోయేది. విద్యుత్ పరికరాలకు కావలసినది విద్యుద్విశ్లేషణతో శుద్ధిచేసిన రాగి. అది చాలాకాలం విదేశాల నుండే వచ్చింది. నూటికి పాతికలో వంతైనా లేని భాస్వరం రాగి వాహకతను దాదాపు ఐదోవంతు తగ్గించగలదని గుర్తిస్తే ఈ తేడా ప్రాముఖ్యం తెలుస్తుంది. ఇంటిపక్కనే గని ఉండి కూడా తీగకు పరదేశంవైపు చూడవలసి రావటం ఆనాటి మన పరిశ్రమ పరిస్థితి. 1967లో హిందుస్థాన్ కాపర్ సంస్థ ఏర్పడి, 1972లో ఈ గనులూ కొలిమీ దాని కిందికి వచ్చాయి. దాని ప్రధాన కార్యాలయం కలకత్తాలోనే నెలకొన్నది.

శాస్త్రపరిశోధన విషయానికి వద్దాం. 1890ల మధ్యలో జగదీశ్ చంద్ర బోస్ కొద్ది మిల్లీమీటర్ల తరంగదైర్ఘ్యం గల విద్యుత్తరంగాలపై ప్రయోగాలు చేసినప్పుడు, లోహపు గొట్టాలూ గరాటులూ కలిగిన ఆ పరికరాలను కలకత్తా పనివారి చేతనే చేయించుకున్నాడు. బల్లపై పట్టేంత పరికరాలకు ఆ నేర్పు సరిపోయింది. నాలుగు దశాబ్దాల తరువాత మేఘనాథ్ సాహా తలపెట్టినది మాత్రం గదినిండే యంత్రం.

సాహా 1938లో అలహాబాదు నుండి పాలిత్ ఆచార్యునిగా కలకత్తా విశ్వవిద్యాలయానికి తిరిగివచ్చాడు. పరమాణు కేంద్రకాన్ని శోధించటానికి అమెరికాలో లారెన్స్ సైక్లోట్రాన్ అనే త్వరణయంత్రాన్ని నిర్మించి ఉన్నాడు. దాని సూత్రం వినటానికి సరళం. కుంకుమభరిణెను నిలువునా రెండుగా కోసి, రెండు అరలనూ కొద్ది ఎడంగా పెట్టినట్లు, బోలుగా ఉన్న రెండు రాగిపెట్టెలను పెద్ద అయస్కాంతపు ధ్రువాల మధ్య ఉంచుతారు. వీటి ఆకారాన్ని బట్టి ‘డీ’లు అంటారు. రెంటి మధ్య విద్యుత్ పీడనం సెకనుకు లక్షల సార్లు దిశ మారుతుంది. మధ్యలో పుట్టిన కణం సుళ్లు తిరుగుతూ, సందు దాటిన ప్రతిసారీ ఒక తోపు అందుకొని, చివరికి మహావేగంతో అంచుకు చేరుతుంది. ఇదంతా గాలి లేని శూన్యంలో జరగాలి.

సాహా తన శిష్యుడు బసంతీ దులాల్ నాగ్ చౌధురిని లారెన్స్ వద్దకు బెర్క్‌లీకి పంపాడు. జవాహర్‌లాల్ నెహ్రూ సిఫారసుతో టాటా ట్రస్టు 60,000 రూపాయలు ఇచ్చింది. నాగ్ చౌధురి 1941లో తిరిగివచ్చాడు. అయస్కాంతపు భాగాలు అమెరికా నుండి చేరాయి. శూన్యం సృష్టించే పంపులు మాత్రం చేరలేదు. యుద్ధకాలంలో జపాన్ దాడికి వాటిని తెస్తున్న ఓడ సముద్రంలో మునిగిపోయింది. ఇక్కడే తయారుచేసుకుందామని సాహా బృందం పూనుకున్నది. యంత్రం పనిచేయటానికి పది సంవత్సరాలకు పైగా పట్టింది. ఈలోగా ప్రపంచంలో అంతకంటె ఎంతో పెద్ద యంత్రాలు వచ్చాయి.

ఈ ఆలస్యానికి నిధుల కొరతనూ, అధికారుల ఉపేక్షనూ, ఢిల్లీ, బొంబాయిలతో సాహాకున్న విభేదాలనూ కారణాలుగా చెప్పటం పరిపాటి. అవి అబద్ధాలు కావు. కానీ నా దృష్టిలో వాటన్నిటికంటె గట్టి కారణం కార్ఖానా లేకపోవటం. శూన్యపు పాత్రలో ప్రతి అతుకూ గాలి చొరబడని విధంగా ఉండాలి. డీ వేడెక్కుతుంది గనుక దాని ఒంటికి నీటిగొట్టాలు అతకాలి. ఆ అతుకు కారితే శూన్యంలోకి నీరు వస్తుంది. మామూలు రాగిలో కొద్దిపాటి ఆమ్లజని ఉంటుంది. అటువంటి రాగిని ఉదజని ఉన్న మంటలో అతికితే లోపల నీటియావిరి పుట్టి లోహం నెర్రెలిస్తుంది. అందుకే ఆమ్లజని లేని రాగి కావాలి. ట్రాము మోటారు బాగుచేసే నేర్పుకూ, బాయిలరు కట్టే నేర్పుకూ ఇది కూతవేటు దూరంలోనే ఉన్నది. అయినా నాటి విశ్వవిద్యాలయపు గదికీ, ఖరగ్‌పూర్, నోనాపుకుర్ కార్ఖానాలకూ నడుమ దారి లేదు. పట్టభద్రుడు ఆకురాయి పట్టటం చిన్నతనమనుకునే సమాజంలో ఆ దారి పడటం కష్టం. సాహా మాత్రం అట్లా అనుకొన్నవాడు కాదు. 1950 జనవరిలో ఐరీన్ జోలియో క్యూరీ ప్రారంభించిన అణుభౌతిక సంస్థ నేడు ఆయన పేరుతోనే ఉన్నది. ఆయన 1956 ఫిబ్రవరిలో మరణించాడు.

కథ రెండవ భాగం సాల్ట్ లేక్‌లో నడిచింది. చిత్తడినేలను పూడ్చి కట్టిన ఆ కొత్త పట్టణంలో అణుశక్తి శాఖ 224 సెంటీమీటర్ల ధ్రువవ్యాసం గల సైక్లోట్రాన్‌ను నిర్మించింది. బెర్క్‌లీలోని 88 అంగుళాల యంత్రానికి ఇది జ్ఞాతి. 1977 జూన్ 16న తొలి కణపుంజం వచ్చింది. నమూనా పరాయిదైనా నిర్మాణం ప్రధానంగా స్వదేశీయం. సాహా నాటికీ ఈనాటికీ మధ్య దేశంలో భారీ యంత్రాలు చేసే కార్ఖానాలు వెలిశాయి. ఓడ మునిగితే పని ఆగే దశ దాటింది.

ఈ యంత్రంలో డీ మీది విద్యుత్ పీడనం సెకనుకు 55 లక్షల నుండి 165 లక్షల సార్లు ఊగుతుంది. అంత వేగంతో ఊగే విద్యుత్తు రాగి లోపలికి పోదు, పైచర్మంలోనే ప్రవహిస్తుంది. ఇంటి దీపాలకు వచ్చే విద్యుత్తు రాగిలో తొమ్మిది మిల్లీమీటర్ల లోతు వరకు వ్యాపించగా, ఇక్కడ ఆ లోతు మిల్లీమీటరులో సుమారు ముప్పైఐదు, అరవై వంతుల మధ్య ఉంటుంది. అంటే తల వెంట్రుక మందం కంటె తక్కువ. కాబట్టి లేతు మొన వదిలిన గీత ఇక్కడ అందానికి సంబంధించిన లోపం కాదు. విద్యుత్తు నడిచే దారిలో కొండలూ లోయలూ ఏర్పడినట్లే. దారి పొడవైతే వేడి పెరుగుతుంది, వేడి పెరిగితే రాగి వ్యాకోచిస్తుంది, వ్యాకోచిస్తే స్వరం తప్పిన వీణలా యంత్రపు శ్రుతి మారుతుంది. ముళ్లు మిగిలిన అంచు దగ్గర నిప్పురవ్వలు లేస్తాయి. నోనాపుకుర్ పనివాడు అంచుల ముళ్లు తీయటంలో చూపిన శ్రద్ధే ఇక్కడా అవసరమైంది. కొలత మాత్రం మరింత సూక్ష్మమైంది.

ఆ కేంద్రంలోనే తరువాత అతివాహక సైక్లోట్రాన్ నిర్మాణానికి పూనుకున్నారు. దీని అయస్కాంతపు తీగ నియోబియం, టైటానియంల మిశ్రమం. 1.29 మిల్లీమీటర్ల వ్యాసం గల తీగలో సుమారు 500 సన్నని పోగులుంటాయి. ఆ తీగను దాదాపు 5 మిల్లీమీటర్ల వెడల్పు, 2.8 మిల్లీమీటర్ల మందం గల రాగి కాలువలో పొదిగారు. ద్రవ హీలియంలో, పరమశూన్యానికి నాలుగు డిగ్రీల పైన, మిశ్రమం ఏ నిరోధమూ లేకుండా విద్యుత్తును మోస్తుంది. అప్పుడు రాగికి పని లేదు. ఏ కారణంగానైనా ఒక చోట వేడి పుట్టి అతివాహకత పోతే, ఆ క్షణంలో విద్యుత్తునంతా తనపైకి తీసుకొని, వేడిని హీలియంలోకి పంపి, చుట్టను కాలిపోకుండా కాపాడేది ఆ రాగియే. ఈ తీగను కేంద్రంలోనే చుట్టారు. 2005లో అయస్కాంతాన్ని శక్తిమంతం చేశారు. 120 డిగ్రీల ఎడంతో అమర్చిన మూడు రాగి డీలతో 2009 ఆగస్టులో యంత్రం లోపల పుంజం తిరిగింది. దానిని బయటికి తీయటానికి మరికొన్ని సంవత్సరాలు శ్రమించవలసి వచ్చింది. సాహా కాలంనాటి ఆలస్యంతో దీనిని పోల్చి నిట్టూర్చేవారున్నారు. ఆ పోలిక సరికాదు. మొదటిసారి పరికరం లేక ఆగింది, రెండవసారి పరికరం చేతిలో ఉండగా దాని స్వభావాన్ని అర్థంచేసుకోవటానికి ఆగింది.

స్ట్రాండ్ రోడ్డు టంకశాల పని 1952లో అలీపూర్‌కు తరలిపోయింది. ఆవిరి ఇంజన్లు పోయాక రాగిపెట్టెలూ పోయాయి. ట్రాము దారులు ఒక్కొక్కటే తగ్గుతూ వచ్చి, 2024లో ఒక్క వారసత్వ మార్గం తప్ప మిగిలినవాటిని ఆపివేస్తామని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. కమ్యుటేటర్ కోసే విద్య నేర్చినవారు చాలామంది పదవీ విరమణ చేశారు. అయినా హౌరా సందుల్లోని చిన్న షెడ్లలో నేటికీ స్విచ్చుల కోసం, ట్రాన్స్‌ఫార్మర్ల కోసం, వెల్డింగు మొనల కోసం రాగికడ్డీ లేతు ఎక్కుతూనే ఉన్నది. అటువంటి చోట ఇనుపపొట్టు నేలమీద తొక్కుడుపడుతుంది గాని రాగి తురుము పడదు. లేతు కింద పళ్లెం పెట్టి పడుతారు, సాయంకాలం గుడ్డతో నూనె తుడుస్తారు, ఇనుపరజను కలవకుండా అయస్కాంతం తిప్పి చూస్తారు, తూకం వేసి వేరే సంచిలో కట్టి తిరిగి కొలిమికి పంపుతారు.